పుట్టింటివాళ్ళు బాగుచేయించిన బావి

యూనివర్సిటీ వాళ్ళు నన్ను సలహాదారుగా పిలిచింది నా తెలివి చూసి కాదు. వాళ్ళకు ఒక రైతు కావాలి, ఒక ఆడమనిషి కావాలి. రెండు కుర్చీలు వేయడం ఎందుకని నన్ను పిలిచి ఒక్క కుర్చీతో సరిపెట్టారు. తమిళనాడులో మా రాజపాళయంలో కొత్తగా పెట్టిన పర్యావరణ కోర్సుకి దారి చూపడానికి ఆ సలహా సంఘం. అందులో స్పిన్నింగ్ మిల్లు ఆయన ఒకరు, అడవి శాఖలో రిటైరైన పెద్దాయన ఒకరు, బ్యాండేజ్ గుడ్డ బ్లీచింగ్ చేసే యూనిట్ ఓనరు ఒకరు, చోళపురం పక్కన కొబ్బరితోట ఉన్న నేను ఒకదాన్ని. మూడు నెలలకోసారి ఏసీ గదిలో కూర్చుని, పిల్లలు ఏం చదవాలో, ఎక్కడికి వెళ్ళి ఏం చూడాలో మేము చెప్పాలి. మొదటి రోజే నా ముందు పెట్టిన పేరు పలక మీద నా ఇనిషియల్ తప్పుగా ఉంది. దిద్దమన్నాను. ఏడాది దాటినా దిద్దలేదు.

బ్లీచింగ్ యూనిట్ ఓనరు నాకు పరాయివాడు కాడు. మా చిన్నాన్న కొడుకు, నాకు అన్న. ఒకే ఇంట్లో పెరిగాం. మా ఇళ్ళలో తెలుగు నోట్లో ఉంటుంది గాని కాగితం మీద ఉండదు, బళ్ళో చదివేదంతా తమిళమే. మా నాన్న మాత్రం పంతం పట్టి మా ఇద్దరినీ ఒకే పలక ముందు కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఇప్పుడు ఇది రాయగలుగుతున్నానంటే ఆ పలక పుణ్యమే. అన్నకు అక్షరాలు నిలవలేదు, వ్యాపారం అబ్బింది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. నాన్న పోయాక పుట్టిల్లంటే అన్న ఇల్లే. నా పిల్లలకు చెవులు కుట్టించినప్పుడు మేనమామగా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నదీ ఆయనే. ఇదంతా ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను పళ్ళు నూరుతున్నప్పుడు ఎవరి మీద నూరుతున్నానో తెలియాలి కదా.

ఆయన యూనిట్ మా తోటకి ఎగువన, కాలువ ఒడ్డున ఉంది. ఆసుపత్రులకు పోయే గుడ్డ అక్కడ తెల్లబడుతుంది. తెల్లబడ్డాక మిగిలిన నీళ్ళు ఏమవుతాయని ఎవరడిగినా, లోపల తొట్లున్నాయి, శుద్ధి చేసి వదులుతాం అంటాడు. ఆ తొట్లు నేనూ చూశాను. ఒకదాంట్లో వాళ్ళ వాచ్‌మన్ బట్టలు ఆరేసుకుంటాడు.

మా బావి ఆ కాలువకు దగ్గర. రాతి బావి, మా మామగారి తండ్రి తవ్వించింది. దానికి రెండు ఊటలు. పడమటి గోడలోంచి వచ్చేవి కొండ నీళ్ళు, తియ్యగా ఉంటాయి. తూర్పు గోడలోంచి వచ్చేవి కాలువ వైపు నీళ్ళు. మూడేళ్ళుగా ఆ తూర్పు ఊట చెడిపోయింది. మోటరు వేస్తే తొట్టిలో నురుగు తేలేది. ఆవు తొట్టి దాకా వచ్చి, వాసన చూసి, మూతి తిప్పుకుని పోయేది. కొబ్బరి మట్టలు కొనల నుంచి ఎండుతూ వచ్చాయి, పిందెలు రాలిపోయాయి. బావి పోతే తోట పోతుంది. తోట పోతే నేను రైతునని చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. నాకు కావలసింది ఒక్కటే, ఆ నీళ్ళలో ఏముందో, అది ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరైనా కాగితం మీద రాసి చెప్పడం.

అన్నను అడగలేదా అంటే, అడిగాను, చాలాసార్లు.

"ఊరంతా బోర్లు వేసినారు చెల్లీ, కింద నీళ్ళు ఉప్పెక్కి పోయినాయి. నా మీద పడతావేమి?" అనేవాడు. పక్కనే ఉన్న మా ఆయన తలూపేవాడు. మా ఆయనకు తగువంటే భయం. "పుట్టింటోళ్ళతో చెడితే రేపు నీకు ఎవరుండారు?" అని ఇంటికొచ్చాక నాకే చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అందుకే సలహాదారుగా రమ్మన్నప్పుడు ఎగిరి గంతేశాను. చెప్పేదేముంది, అన్న కూడా అదే సంఘంలో ఉన్నాడని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. గుమ్మం దగ్గర నన్ను చూసి, "రా చెల్లీ, రా రా, మన ఇంటి కూట్టం మాదిరి ఉండాది," అని నవ్వాడు, కూట్టమంటే మీటింగు. నాకు కూడా అప్పుడు నవ్వొచ్చింది. అంత తెలివితక్కువదాన్ని.

కోర్సు నడిపే మేడమ్ గోడ మీద మ్యాపు వేసి చూపించింది. పిల్లలు నీళ్ళు పట్టే చోట్లు ఆరు. కొండ కింది వాగు ఒకటి, అడవి అంచున చెక్‌డ్యాం ఒకటి, మిల్లు ఆయన శుద్ధి చేసిన నీళ్ళతో పెంచే పూలతోట ఒకటి, అలాంటివే మిగతావి. అన్నీ నీళ్ళు బాగుండే చోట్లే. జబ్బు చేయనివాళ్ళ నాడి పట్టుకుని చూసి వైద్యం నేర్చుకుంటారా అని అడిగాను. మేడమ్ నొచ్చుకోలేదు, నవ్వింది. "మీలాంటి భాగస్వాముల నుంచి మాకు కావలసింది ఇలాంటి మాటలే అమ్మా," అంది. ఆ గదిలో నాకు కోపం తెప్పించని మాట ఒక్కటీ లేదు గాని, ఆ 'భాగస్వాములు' అన్న మాట అన్నిటికన్నా ఎక్కువ తెప్పించింది. ఎందులో భాగం ఇచ్చారట నాకు?

"కాలువ దిగువన మా బావి ఉంది. అది పెట్టండి," అన్నాను.

మీటింగు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ జరుగుతుంది. ఇక్కడ అందరి మాటలూ తెలుగులో రాస్తున్నాను గాని, ఆ గదిలో తెలుగు వచ్చింది అన్నకూ నాకూ మాత్రమే. మా వాళ్ళలో ఒక అలవాటు ఉంది. నలుగురిలో ఉన్నప్పుడు మనలో మనకు ఏదైనా తేడా వస్తే గొంతు తగ్గించి తెలుగులోకి దిగుతాం. బట్టల కొట్లో, బస్సులో, పెళ్ళి మాటల దగ్గర, అంతటా అంతే. అలా తెలుగులో అన్న మాట ఇంటి మాట. దాన్ని తమిళంలో బయటపెట్టకూడదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఇంటికొచ్చిన ఒకావిడ చీర గురించి మా అమ్మ తెలుగులో అన్న మాటను నేను ఆవిడకే తమిళంలో చెప్పేశాను. ఆ రోజు తిన్న దెబ్బలు ఇప్పటికీ గుర్తే.

అన్న నా వైపు వంగాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది. "చెల్లీ, ఇది మన ఇంటి విషయం. ఈళ్ళ ముందర ఏమిటికి? ఇంట్లో మాట్లాడుకుందాము, సరియా?" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. అరవై దగ్గర పడుతున్నదాన్ని, ఎనిమిదేళ్ళ పిల్లలా మూసుకున్నాను. మేడమ్ మాత్రం అప్పటికే నా బావిని ఏడో చోటుగా రాసేసుకుంది. "పిల్లలు వచ్చే నెల మొదటి శనివారం వస్తారు," అంది.

ఆ వారంలోనే అన్న ఇంటికొచ్చాడు, అరటిపళ్ళూ పూలూ పట్టుకుని. బావి చుట్టూ ఒకసారి తిరిగాడు. గట్టు మీద పిచ్చిమొక్కలు, రాళ్ళ సందుల్లో మర్రి మొలకలు, అడుగున బురద.

"యూనివర్సిటీ పిల్లలు వచ్చేది నీ ఇంటికి, చెల్లీ. ఫోటో తీస్తారు. బావి ఇట్ల ఉంటే మన మానం ఏమి కావాలి? నేను మనుషులను పంపిస్తాను, తూరు వారి, బురదంతా ఎత్తి, గోడ చూసి, సున్నం కొట్టి పోతారు. పుట్టింటోళ్ళు చేసినట్ల ఉండనీ," అన్నాడు.

ఇక్కడే నేను గడ్డి తిన్నాను. పుట్టింటి నుంచి వచ్చింది ఏదైనా కాదనకూడదని నన్ను పెంచారు. చీర నచ్చకపోయినా కళ్ళకద్దుకుంటాం, గిన్నె చిన్నదైనా మురిసిపోతాం. దానికి తోడు, నిజం చెప్పాలంటే, నాకూ సిగ్గుగానే ఉంది. బయటివాళ్ళు చదువుకున్న పిల్లల్ని వెంటేసుకుని వస్తున్నారు, ఆ బావి చూసి ఈవిడ ఇల్లు కూడా ఇంతే అనుకోరూ? బావి జబ్బు చూపించడానికి నేనే పిలిచి, ఆ జబ్బు కనపడకుండా నేనే నీళ్ళు పోసి కడిగించాను. "మీ ఇష్టం అన్నా," అన్నాను. ఆయనకు కాఫీ కూడా ఇచ్చాను.

నలుగురు మనుషులు వచ్చి మూడు రోజులు పనిచేశారు. రెండు మోటర్లు పెట్టి నీళ్ళన్నీ తోడేశారు, బురద ఎత్తి గట్టున పోశారు. లోపలి గోడకు సిమెంటు పూశారు. పూసింది తూర్పు వైపే. అదేమని అడిగితే, "ఈ పక్క రాళ్ళు వదులై ఉండాయి అమ్మా, పాములు దూరుతాయి," అన్నాడు మేస్త్రీ. పాములంటే నాకు చచ్చేంత భయం. మంచి పని చేశారు నాయనా అన్నాను. గట్టుకు సున్నం కొట్టారు. పనైపోయాక నేనే దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. నాలుగు రోజుల్లో బావిలోకి మళ్ళీ నీళ్ళు వచ్చాయి, అద్దంలా తేటగా.

శనివారం పిల్లలు వచ్చారు. పులిహోర, వడ, పాయసం చేశాను. వాళ్ళలో సేత్తూరు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె ఉంది, బక్కపలచగా, ఎవరేం చెప్పినా నోటుబుక్కులో రాసుకునే రకం. సీసాలను మూడుసార్లు ఆ నీళ్ళతోనే తొలిచి, తర్వాత పట్టి, మూతలు బిగించి, పేర్లు అంటించింది. మిగతా పిల్లలు బావి ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. మేడమ్ గట్టు మీద చెయ్యి వేసి, "ఎంత బాగా పెట్టుకున్నారు అమ్మా, మ్యూజియంలో పెట్టవచ్చు," అంది. నేను పొంగిపోయాను. మిగిలిన పులిహోర క్యారియర్‌లో కట్టి పంపించాను కూడా.

తర్వాతి మీటింగులో ఫలితాలు చెప్పారు. ఏడు చోట్లలోనూ మా బావి నీళ్ళే మేలైనవట. మేడమ్ చప్పట్లు కొట్టింది, మిల్లు ఆయన కొట్టాడు, అందరికన్నా గట్టిగా మా అన్న కొట్టాడు. "కాలువ దిగువన కూడా నీళ్ళు బాగున్నాయని ఇప్పుడు సైన్సే చెప్పింది," అన్నాడు తమిళంలో, అందరికీ వినపడేలా. ఆ మాటను మేడమ్ మీటింగు కాగితంలో రాయించింది. కింద సలహాదారులందరూ సంతకాలు పెట్టాలన్నారు. నా సంతకం నేనే పెట్టాను. నా చెయ్యి ఎందుకు విరిగిపోలేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చి ఫలితం చెప్పాను. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "నీళ్ళు బాగుండాయి అంటే మంచిదే కదా," అన్నాడు. బాగున్నాయి సరే, మరి మా తోటలో కాలువ గట్టు వారనున్న చెట్లు ఎందుకు ఎండుతున్నాయి? నాకే పిచ్చి పట్టిందేమో, మూడేళ్ళుగా లేని నురుగును చూస్తున్నానేమో అనిపించింది. ఆ పదిరోజులూ నా మీద నాకు కలిగిన అనుమానం ఉంది చూడండి, దానికి మాత్రం అన్నను నేను ఎప్పటికీ క్షమించను.

అప్పుడు సేత్తూరు అమ్మాయి ఒంటరిగా బస్సు దిగి వచ్చింది, నా క్యారియర్ తిరిగి ఇవ్వడానికి. ఖాళీగా ఇవ్వకూడదని వాళ్ళమ్మ అందులో మురుకులు పోసి పంపింది. కాఫీ తాగుతూ నోటుబుక్కు తీసింది.

"అమ్మా, ఒక మాట అడగనా? మీ బావి గోడ మూడు వైపులా రాయి, ఒక వైపు కొత్త సిమెంటు. నేను రాసుకున్నాను గాని రిపోర్టులో వేయలేదు, చోటు లేదన్నారు. ఆ వైపు సిమెంటు ఎందుకు వేయించారు?"

"పాములు రాకుండా," అన్నాను.

"పాములు ఆ వైపు నుంచే వస్తాయా?"

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. తూర్పు వైపు. ఊట ఉన్న వైపు. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో కాపురం చేసి, ఆ బావికి రెండు ఊటలని తెలిసిన మనిషిని, నా కళ్ళముందే ఒక ఊటకు సిమెంటు పెట్టి మూసేస్తుంటే మంచి పని చేశారు నాయనా అని మెచ్చుకున్నాను. చెడ్డ నీళ్ళు ఆగిపోయి, కొండ నీళ్ళొక్కటే బావి నింపాయి. పిల్లలు సీసాల్లో పట్టుకుపోయింది అవే. అన్నకు మా బావి సంగతి బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా అందులో ఈత కొట్టేవాడు, తూర్పు ఊట దగ్గర నీళ్ళు వెచ్చగా ఉన్నాయని కేకలు పెట్టేవాడు.

ఆ అమ్మాయిని బస్సెక్కించి వచ్చి, పశువుల కొట్టంలోంచి గడ్డపార తీశాను. మా ఆయన వెనకే వచ్చాడు. "ఏమి చేస్తావు? పుట్టింటోళ్ళు చేసి పెట్టినారు, దాన్ని పొడుస్తావా?" అన్నాడు. మెట్లు దిగాను. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, నీళ్ళకు పైన ఉన్న మెట్టు మీద నిలబడి ఆ సిమెంటును పొడిచాను. మెత్తగానే ఊడింది. వాళ్ళకు ఆ ఒక్క శనివారం దాటితే చాలు కదా, గట్టిగా వేయాల్సిన అవసరం ఏముంది? రెండు బారల మేర పెల్లలు ఊడి నీళ్ళలో పడ్డాయి. రాళ్ళ సందులోంచి ముందు చెమ్మ వచ్చింది, తర్వాత సన్నగా ధార వచ్చింది, దాని వెంట ఆ వాసన వచ్చింది. మూడేళ్ళుగా నేను పసిగడుతున్న వాసనే, తెల్లబరిచిన కొత్త గుడ్డ వాసన. నాకు పిచ్చి లేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను, కోపంతోనే.

తర్వాతి మీటింగుకు నేను బొట్టు పెద్దగా పెట్టుకుని, పెళ్ళికి కట్టే పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ఎందుకో తెలియదు, కొట్లాటకు వెళ్తున్నానని నాకు నేను చెప్పుకోవడానికేమో. మేడమ్ అన్నీ చదివి, ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా అని అడగ్గానే లేచాను.

"నా బావి ఫలితం తప్పు. ఆ నీళ్ళు పట్టేముందు బావి కడిగించాం. ఒక ఊట మూయించాం. తెలిసో తెలియకో ఒప్పుకుంది నేనే," అన్నాను.

గది అంతా నా వైపు తిరిగింది. మేడమ్ కళ్ళద్దాలు తీసింది. మిల్లు ఆయన తన ఫోను తిరగేసి బల్ల మీద పెట్టాడు. అన్న మాత్రం అదే నవ్వుతో నా వైపు వంగాడు.

"ఊరుకో చెల్లీ. గోడను గడ్డపారతో పొడిచినావంటనే, విన్నాను. నేనేమన్నా అన్నానా నిన్ను? బయటోళ్ళు వింటుండారు. ఇంటికి పోయి మాట్లాడుకుందాము."

నేను కూర్చోలేదు. మేడమ్ వైపు తిరిగి తమిళంలో, ప్రతి మాటా విడివిడిగా పలుకుతూ చెప్పాను: "ఇప్పుడు మా అన్న నాతో తెలుగులో ఏమన్నాడో చెబుతాను, రాసుకోండి. గోడను గడ్డపారతో పొడిచావట అన్నాడు. బయటివాళ్ళు వింటున్నారు, ఊరుకో అన్నాడు. మొదటి మీటింగులో కూడా, నేను మా బావి పేరు చెప్పినప్పుడు, ఇది ఇంటి విషయం, వీళ్ళ ముందు ఎందుకు అన్నాడు. తర్వాత ఇంటికొచ్చి, మానం పోతుంది, నా మనుషులతో బాగుచేయిస్తాను అన్నాడు. తూర్పు ఊటకు సిమెంటు పెట్టింది ఆ మనుషులే."

అన్న నవ్వు పోయింది. నా జీవితంలో ఆయన మొహాన నవ్వు లేకుండా చూసిన సందర్భాలు తక్కువ. ఈసారి చాలా మెల్లగా, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు: "నీకు పుట్టిల్లు వద్దా?"

బల్ల పట్టుకున్నాను. "నీకు పుట్టిల్లు వద్దా అని అడుగుతున్నాడు," అని అదీ తమిళంలో చెప్పాను.

రాసుకుంటున్న క్లర్కు, ఇది కూడా రాయాలా అన్నట్టు మేడమ్ వైపు చూశాడు. రాయమన్నాను నేను.

ఆ తర్వాత అన్న తేరుకున్నాడు. వ్యాపారస్తుడు కదా. బావి గోడను తనే పొడిచిన మనిషి మాట ఎలా నమ్ముతారు, ఇప్పుడు ఆ బావిలో నీళ్ళు పట్టినా చెల్లవు అన్నాడు. మిల్లు ఆయన అవునన్నాడు. ఆయనకు నా బావి బాధ లేదు, ఈ పాఠం తన పూలతోట దాకా వస్తుందేమోనన్న బాధ. మేడమ్ అటూ ఇటూ చూసి, ఈ విషయం మరోసారి మాట్లాడుకుందాం అంది. మేడమ్ చెడ్డ మనిషి కాదు, అదే నాకు ఎక్కువ కోపం. చెడ్డదయితే తిట్టి ఊరుకునేదాన్ని.

"నన్ను సలహా ఇమ్మని పిలిచారు కదా, ఒక్క సలహా ఇస్తాను," అన్నాను. "ఇక మీద పిల్లలు ఎక్కడికి వెళ్ళినా ముందుగా చెప్పకండి. చెబితే మేము కడిగి, సున్నం కొట్టి, బొట్టు పెట్టి చూపిస్తాం. మా బుద్ధి అంతే. సలహాదారులందరి చోట్లకీ చెప్పకుండా రండి. నా దగ్గరికే ముందు రండి. బావిలో పట్టొద్దు, గోడలోంచి కారే చోటే సీసా పెట్టి పట్టుకోండి."

అడవి శాఖ పెద్దాయన అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. ఆయనకున్నది మేడ మీద నాలుగు పూలకుండీలు, ఆయనకేం భయం. ఆయన ఎత్తాక మేడమ్ ఎత్తింది. మిల్లు ఆయన ఎత్తక తప్పలేదు. అందరూ అన్న వైపు చూశారు. ఎత్తకపోతే ఎందుకు ఎత్తలేదని అడుగుతారు. ఎత్తాడు, నా వైపు చూడకుండా.

వాళ్ళు ఎప్పుడొస్తారో తెలియక నేను పడ్డ యాతన పగవాళ్ళకు వద్దు. మొదటి వారం రోజూ వాకిలి రెండుసార్లు ఊడ్చాను. ఊడ్చి, మళ్ళీ నన్ను నేనే తిట్టుకున్నాను. మూడో వారానికి విసుగొచ్చి వదిలేశాను. సరిగ్గా అప్పుడే వచ్చారు. జుట్టు ముడి ఊడిపోయి, మోచేతుల దాకా పేడతో, చిరుగుల చీరలో ఉన్నాను. ఇంట్లో చద్దన్నం తప్ప ఏమీ లేదు. బావి గట్టు మీద కోళ్ళు, నీళ్ళ మీద నురుగు. సేత్తూరు అమ్మాయి నన్ను చూసి కూడా పలకరించకుండా నేరుగా మెట్లు దిగింది, తూర్పు గోడకు సీసా మూతి ఆనించి, నిండేదాకా అలాగే వంగి కూర్చుంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుంది, అయినా ఇంకాసేపు అలాగే కూర్చోవే తల్లీ అని లోపల అనుకుంటూ ఉన్నాను. పైకొచ్చాక చద్దన్నంలో మజ్జిగ పోసి, ఊరగాయ వేసి పెట్టాను. కాదనకుండా తిన్నారు.

అక్కణ్ణుంచి ఎగువకు వెళ్ళారట. యూనిట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఓనరు చెప్పలేదని లోపలికి రానివ్వలేదు. వాళ్ళు వాదించలేదు. గోడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి, పైపు కాలువలోకి దిగే చోట సీసా ముంచుకుని, బస్సెక్కారు.

రెండు సీసాల్లోనూ ఉన్నది ఒక్కటే అని తేలింది. మేడమ్ ఈసారి చప్పట్లు కొట్టలేదు. రిపోర్టు కాలుష్యం ఆఫీసుకు పంపింది, దానికి నేను సలహా ఇచ్చిన మీటింగు కాగితం కూడా కుట్టి పంపింది. అది ఆవిడ చేసిన మంచి పని, చెప్పకపోతే తప్పు.

ఒక పొద్దున ఆఫీసు మనుషులు జీపులో వచ్చారు. ఎర్ర పెయింటు డబ్బా, కుంచె తెచ్చారు. మా అన్న కొట్టించిన తెల్లటి సున్నం మీద, తమిళంలో బారెడు అక్షరాలతో రాశారు: ఈ నీళ్ళు మనుషులకు గాని పశువులకు గాని పనికిరావు. రాసేవాడు నాతో మంచిగానే మాట్లాడాడు, కాఫీ కూడా తాగాడు. యూనిట్ దగ్గర ఏం రాశారని అడిగాను. గేటుకు నోటీసు అంటించామన్నాడు, పైపు మూయాలని, జవాబు చెప్పుకోవడానికి గడువు ఇచ్చామని. కాగితం వాన పడితే ఊడిపోతుంది. నా గోడ మీది పెయింటు ఊడదు. నేను కోరుకున్నది ఎవరైనా రాసి చెప్పాలనే కదా, రాశారు. మా ఆయన ఆ గోడ ముందు చాలాసేపు నిలబడి, మోటరు గదికి తాళం వేసి వచ్చాడు.

మరునాడు పొద్దున ఫోను మోగింది. తెర మీద అన్న పేరే ఉంది. పేరంటే పేరు కాదు, 'అన్న' అని తెలుగు అక్షరాల్లో నేనే పెట్టుకున్నది. ఎత్తాను.

"పిల్లల్ని నా గేటుకు పంపించింది నువ్వే కదా చెల్లీ? ఇప్పుడు చూసినావా, ముద్ర ఎవరి గోడకు పడె?" అన్నాడు.

తోట వైపు చూశాను. కాలువ వారనున్న చెట్లకు మట్టలు నాలుగైదు మిగిలాయి.

"యారు పేసరదు?" అన్నాను. ఎవరు మాట్లాడేది అని, తమిళంలో. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో నేను మాట్లాడిన మొదటి తమిళం మాట అది.

పెట్టేస్తాడనుకున్నాను. గొంతు సవరించుకుని, పరాయివాళ్ళతో మాట్లాడే మర్యాదతో, ఆయన కూడా తమిళంలోనే తన బ్లీచింగ్ యూనిట్ పేరు చెప్పాడు.

"సొల్లుంగ," అన్నాను. చెప్పండి అని.